డిజిటల్ మార్కెటింగ్ అప్రెంటిస్‌షిప్: చేరే ముందు కొన్ని మాటలు

మన క్యాంపస్‌లో ఎవరైనా "అప్రెంటిస్" అంటే చాలామందికి రైల్వే వర్క్‌షాపో, బైక్ మెకానిక్ షెడ్డో గుర్తొస్తుంది. "డిజిటల్ మార్కెటింగ్" అంటే ఇన్‌స్టా రీల్స్ గుర్తొస్తాయి. రెండు మాటలూ పక్కపక్కన పెడితే మాత్రం మనకి ఏ బొమ్మా కనిపించదు. అందుకే దాని గురించి ఎవరేం చెప్పినా నమ్మేస్తాం. అమీర్‌పేట గోడ మీద "100 శాతం ప్లేస్‌మెంట్" అని పోస్టర్ అంటించినవాళ్లనీ నమ్ముతాం, "అదంతా టైమ్ వేస్ట్" అని కొట్టిపారేసే సీనియర్‌నీ నమ్ముతాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మంచి చోట దొరికితే ఏడాది అప్రెంటిస్‌షిప్ చాలా మంచి చదువు. కాకపోతే అది ఉద్యోగం కాదు. మంచి చోటు ఏదో, కానిది ఏదో చేరకముందే కనిపెట్టడానికి దారులున్నాయి. ఇక స్టైపెండ్ సంగతి అంటారా, అది తక్కువ. ఎంత తక్కువంటే, ఎవరు నేర్చుకోవాలో ఎవరు నేర్చుకోకూడదో ఆ అంకే తేల్చేస్తోంది.

సీఎస్‌ఈ చదివేదానికి ఇదంతా ఎందుకు అంటారేమో. కారణాలు రెండు. ఒకటి మా పెద్దమ్మ కూతురు. అక్క ఒంగోలులో బీకామ్ చదివి, హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీలో ఏడాది గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేసింది. ఆ ఏడాదంతా రాత్రి పది తర్వాత ఫోన్‌లో నాకు చెప్పిన సంగతులు నా దగ్గర చాలా పోగయ్యాయి. రెండోది మా బాబాయి కొడుకు. ఈ ఏడాదే ఇంటర్ అయ్యింది. వాడికి డిగ్రీలో చేరడం ఇష్టం లేదు, డిజిటల్ మార్కెటింగ్ అప్రెంటిస్‌షిప్‌లో చేరతానంటున్నాడు. బాబాయి మాత్రం "అంటే జీతం లేని నౌకరీ కదరా" అని ఒకే మాట. వాడు నాకు మెసేజ్ పెట్టాడు: "అక్కా, చేరనా వద్దా? నువ్వు చెబితే నాన్న వింటారు." వాడి కోసం వెతికి, చదివి, అక్కని మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాగితం సంగతి

మన దేశంలో అప్రెంటిస్ అన్న మాటకి చట్టం ఉంది. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ లాంటి ట్రేడ్‌లు మొదటి నుంచీ అందులో ఉన్నాయి. 2014 సవరణతో "ఆప్షనల్ ట్రేడ్" అనే దారి వచ్చింది, అంటే సంస్థలు తమకి కావలసిన కొత్త పనుల్లో కూడా అప్రెంటిస్‌లని తీసుకోవచ్చు. డిజిటల్ మార్కెటింగ్ లాంటివి ఈ దారిలోనే వచ్చాయి. 2019 సవరణల తర్వాత 30 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తప్పనిసరిగా పెట్టుకోవాలి. కాబట్టి మనల్ని తీసుకోవడం వాళ్లు చేసే దానధర్మం కాదు. ఇంటర్వ్యూలో మరీ ఒదిగిపోయి కూర్చోనక్కర్లేదు.

స్టైపెండ్‌కి కూడా చట్టం కింద ఒక హద్దు ఉంది. 2019 నిబంధనల ప్రకారం నెలకి కనీసం ఇంటర్ పాసైన వాళ్లకి 7000, డిప్లొమా వాళ్లకి 8000, డిగ్రీ వాళ్లకి 9000 రూపాయలు. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి దీన్ని 36 శాతం పెంచాలని సిఫార్సు చేసింది. అందుకని సంతకం పెట్టే రోజున ఏ అంకె అమల్లో ఉందో ప్రభుత్వ పోర్టల్‌లో ఒకసారి చూసుకోండి. ఇందులో కొంత ప్రభుత్వమే భరిస్తుంది. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి 1500 మించకుండా కేంద్రం ఇస్తుంది. డిగ్రీ, డిప్లొమా వాళ్ల కోసం విద్యాశాఖ నడిపే శిక్షణ పథకంలో అయితే కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రానిదే. రెండో పథకానికి మన దక్షిణాది బోర్డు చెన్నైలో ఉంది.

ఇవి చదివితే ఒక విషయం తేటగా తెలుస్తుంది. అప్రెంటిస్‌షిప్‌లో డబ్బు సంస్థ నుంచి మన వైపు రావాలి. "ముందు ట్రైనింగ్ ఫీజు కట్టండి, తర్వాత మా దగ్గరే అప్రెంటిస్‌గా పెట్టుకుంటాం" అన్నారంటే అది కోచింగ్. కోచింగ్ చెడ్డదని అనను, కానీ దానికి కోచింగ్ అనే పేరు పెట్టి అమ్మాలి. చేతి చమురు వదిలించుకుని అప్రెంటిస్ అనిపించుకోవడంలో అర్థం లేదు.

ఇంకో సంగతి కూడా ముందే తెలియాలి. చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందే మనిషి, కార్మికుడు కాదు. పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇవ్వాలని సంస్థ మీద బలవంతమూ లేదు. అక్కతో పాటు ఆ ఏడాది నలుగురు చేరారట, ఇద్దరినే ఉంచుకున్నారు. అక్కని ఉంచుకున్నారు. మిగతా ఇద్దరూ పనిలో తక్కువేం కాదు, ఆ త్రైమాసికంలో ఒక పెద్ద క్లయింట్ వెళ్లిపోయాడు, అంతే. ఏడాది చివర ఆర్డర్ చేతికొస్తుందని గంపెడాశతో చేరొద్దు. వస్తే మంచిదే.

మొదటి మూడు నెలలు

ఇక పని గురించి. అందరూ అనుకునేది ఇలా ఉంటుంది: ల్యాప్‌టాప్ ఇస్తారు, మనం క్యాప్షన్ రాస్తాం, అది వైరల్ అవుతుంది. అసలు జరిగేది: మొదటి నెల ఎక్సెల్ షీట్.

అక్కకి మొదటి వారం ఇచ్చిన పని 600 కీవర్డ్‌ల జాబితాని గుంపులుగా విడగొట్టడం. తర్వాత పోటీ కంపెనీల యాడ్‌లు చూసి రాసుకురావడం. మెటా యాడ్ లైబ్రరీలో ఏ కంపెనీ ఇప్పుడు ఏ యాడ్ నడుపుతోందో ఎవరైనా చూడొచ్చు, ఉచితం. మీరూ ఇవాళే చూడొచ్చు. ఆ తర్వాత వెబ్‌సైట్‌లో బొమ్మలకి ఆల్ట్ టెక్స్ట్ రాయడం, పేజీల టైటిల్‌లు సరిచేయడం, గూగుల్‌లో షాపు అడ్రసు, టైమింగులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం, లింకులకి యూటీఎం ట్యాగులు తగిలించడం. యాడ్ అకౌంట్‌లో చెయ్యి పెట్టనివ్వడానికి మూడు నెలలు పట్టింది. నాకది న్యాయంగానే అనిపించింది. అందులో ఉన్నది క్లయింట్ డబ్బు. ఒక సున్నా ఎక్కువ పడితే రాత్రికి రాత్రే ఖర్చైపోతుంది.

ఇదంతా బోర్ అని మధ్యలో మానేసేవాళ్లు ఉంటారట. నా మటుకు నాకు ఈ మూడు నెలలే అప్రెంటిస్‌షిప్‌కి ప్రాణం అనిపిస్తుంది. యూట్యూబ్‌లో, గూగుల్ స్కిల్‌షాప్‌లో, హబ్‌స్పాట్ అకాడమీలో ఈ పాఠాలన్నీ ఉచితంగా ఉన్నాయి, సర్టిఫికెట్లు కూడా ఇస్తారు. మరి ఏడాది ఎందుకు అంటే, ఆ పాఠాల్లో డబ్బు ఎవరిదీ కాదు. ఇక్కడ ఎవరిదో ఒకరిది.

ఒక లెక్క

అక్క నాకు ఒకసారి ఒక లెక్క వేసి చూపించింది. అంకెలు తేలిగ్గా ఉండేలా తను కల్పించినవే, కానీ రోజూ చేసే లెక్క తీరు అదే.

ఆన్‌లైన్‌లో ఆవకాయ అమ్మే చిన్న వ్యాపారి అనుకోండి. గూగుల్ యాడ్స్ మీద 3000 రూపాయలు పెట్టాడు. యాడ్ 10,000 సార్లు కనిపించింది. 200 మంది నొక్కారు. అంటే క్లిక్ రేటు 2 శాతం, ఒక్కో క్లిక్‌కి 15 రూపాయలు. ఆ 200 మందిలో 10 మంది కొన్నారు. రిపోర్టులో "10,000 వ్యూస్, 200 విజిట్స్, 10 ఆర్డర్స్" అని రంగుల గ్రాఫ్ పెడితే వ్యాపారి సంతోషపడతాడు. కానీ ఒక్కో ఆర్డర్ తేవడానికి అయిన ఖర్చు 300. కూలీ, సీసా, కొరియర్ పోను ఆర్డర్ మీద అతనికి మిగిలేది 150. మొత్తం 1500 సంపాదించడానికి 3000 పెట్టాడు. 1500 నష్టం. గ్రాఫ్ మాత్రం పైకే పోతోంది.

ఇక్కడ అప్రెంటిస్ ఏం చేస్తాడు? జనం ఏం టైపు చేసి యాడ్ దాకా వచ్చారో చూపించే రిపోర్టు తెరుస్తాడు. 200 మందిలో 80 మంది "ఆవకాయ ఎలా పెట్టాలి", "ఆవకాయ తయారీ", "కొలతలు" అని వెతికినవాళ్లు. వాళ్లకి ఆవకాయ కొనే ఉద్దేశం లేదు, ఇంట్లో పెట్టుకుంటారు. వాళ్ల మీద 1200 పోయింది. "ఎలా", "తయారీ", "కొలతలు", "రెసిపీ" అన్న మాటల్ని నెగెటివ్ కీవర్డ్స్‌లో పెడితే ఇక వాళ్లకి యాడ్ కనిపించదు. అసలు 10 ఆర్డర్లూ మిగతా 120 మంది నుంచే వచ్చాయి. ఇప్పుడు అదే 3000కి అలాంటి 200 మంది వస్తే 16 ఆర్డర్లు వస్తాయి. 2400 మిగులు, 600 నష్టం. ఇంకా నష్టమే. కానీ ఆ 16 మందిలో నలుగురు వాట్సాప్‌లో నేరుగా మళ్లీ ఆర్డర్ చేస్తే, దానికి యాడ్ ఖర్చు ఉండదు కాబట్టి ఇంకో 600 వస్తుంది. లెక్క సరిపోయింది. అంటే యాడ్ సంగతి ఎలా ఉన్నా, కొన్నవాడు మళ్లీ రావాలంటే ఆవకాయ బాగుండాలి. మార్కెటింగ్‌లో చివరికి తేలేది అదే అని అక్క నవ్వింది.

ఏడాదిలో ఈ లెక్క చేతికి వస్తే చాలు, మీ టైమ్ వృథా కాలేదని నా లెక్క. రాకపోతే, రోజూ పోస్టర్లు షెడ్యూల్ చేయించి పంపేస్తే, అది శిక్షణ కాదు. మూడో నెల చివర మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి: "ఈ నెలలో క్లయింట్ డబ్బు ఎంత ఖర్చయిందో, ఎంత తిరిగొచ్చిందో నాకు ఎవరైనా చూపించారా?" జవాబు లేదు అనొస్తే, పైవాళ్లని అడగాల్సిన సమయం వచ్చినట్టే.

తెలుగు ఇక్కడెందుకు వచ్చింది

మన పత్రికలో ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఈ వ్యాసంలో కూడా ఒత్తులు మా క్లబ్ వాళ్లు సరిచేసి ఉంటారు. అక్క పదో తరగతి దాకా తెలుగు మీడియం, జిల్లా పరిషత్ హైస్కూలు. ఏజెన్సీలో మీటింగులన్నీ ఇంగ్లీషులో జరిగేవి. మొదట్లో రెండు నెలలు మీటింగులో నోరు విప్పేది కాదట. ఇది కూడా ఆశించాల్సిన విషయమే. క్లయింట్ కాల్స్, రిపోర్టులు, టూల్స్ అన్నీ ఇంగ్లీషే. దానికి సిద్ధపడాలి.

కానీ యాడ్ చూసేవాళ్లు తెలుగువాళ్లు. 2018లో గూగుల్ తన యాడ్‌సెన్స్‌లో తెలుగుని చేర్చింది. అప్పటి నుంచి తెలుగు సైట్లకి కూడా యాడ్స్ ద్వారా ఆదాయం వచ్చే దారి పడింది. మరి ఆ యాడ్స్‌లో తెలుగు ఎలా ఉంటోంది? "మీ ఆర్డర్ విజయవంతంగా ఉంచబడింది." ఎక్కడ ఉంచారు, అటక మీదా? "ఇప్పుడే పట్టుకోండి." ఏం పట్టుకోవాలి, బస్సా? ఇవి చూసి మనం నవ్వుకుని స్క్రోల్ చేస్తాం. డబ్బు పెట్టినవాడికి మాత్రం ప్రతి స్క్రోలూ నష్టమే.

అక్కకి ఇక్కడే దారి దొరికింది. ఆవకాయ ఉదాహరణే తీసుకోండి. ఒకరు తెలుగు లిపిలో వెతుకుతారు. ఒకరు ఇంగ్లీషు అక్షరాల్లో మొదట ఒక "ఎ" పెట్టి, ఇంకొకరు రెండు "ఎ"లు పెట్టి టైపు చేస్తారు. కొందరు "మామిడికాయ పచ్చడి" అంటారు. తెలంగాణలో "మామిడికాయ తొక్కు" అనేవాళ్లు ఉంటారు. ఏ టూలూ ఈ జాబితాని పూర్తిగా ఇవ్వదు. ఊళ్లో పెరిగిన మనిషి ఐదు నిమిషాల్లో రాసిస్తుంది. ఎవరూ అడగకుండానే అక్క ఒక రోజు ఇలాంటి జాబితా చేసి తన టీమ్ లీడ్‌కి పంపింది. ఆ తర్వాత తెలుగు క్యాంపెయిన్లన్నీ ఒకసారి తను చదివాకే బయటికి వెళ్లేవి.

మన సీఎస్‌ఈ వాళ్లకి నచ్చే ముచ్చట ఒకటి. గూగుల్ సెర్చ్ యాడ్‌లో ఒక హెడ్‌లైన్‌కి 30 అక్షరాలే పరిమితి. "స్త్రీ" అన్నది మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు కోడ్ పాయింట్లు. అందుకే తెలుగు హెడ్‌లైన్ రాయడం మొదలుపెడితే 30 ఇట్టే నిండిపోతుంది. తక్కువ ఒత్తులున్న, చిన్న, వాడుక మాట వెతుక్కోవాలి. "విశిష్టమైన" బదులు "మంచి". ఈ పని బాగా చేయాలంటే తెలుగు చదివి ఉండాలి, తెలుగు విని ఉండాలి. మీడియం ఏదైనా పర్వాలేదు. నేను ఇప్పుడు రెండోది చేస్తున్నాను.

ఏఐ టూల్స్ క్యాప్షన్లు రాసేస్తున్నాయి కదా, ఇంక అప్రెంటిస్‌లు ఎందుకు అని తమ్ముడు కూడా అడిగాడు. నిజమే, పది క్యాప్షన్లు పది సెకన్లలో వస్తాయి. ఆ పదిలో ఏది మన ఊరి మనిషి మాటలా ఉందో, ఏది అనువాదం వాసన కొడుతోందో చెప్పేవాళ్లు కావాలి. ఆ క్యాప్షన్‌తో ఆర్డర్లు వచ్చాయో లేదో చూసేవాళ్లు కావాలి. రాయడం ఒక్కటే నేర్చుకుందామని వెళ్తే భయపడాల్సిందే. ఎంచడం, కొలవడం నేర్చుకునేవాళ్లకి ఇంకా చోటుందని నా నమ్మకం. టూల్స్ ఎలాగూ మారతాయి. 2023 జూలై 1న గూగుల్ తన పాత అనలిటిక్స్‌లో డేటా తీసుకోవడం ఆపేసి అందరినీ జీఏ4కి మార్చింది. పాత స్క్రీన్‌లో ఏ బటన్ ఎక్కడుందో బట్టీ పట్టినవాళ్లకి కష్టమైంది. లెక్క తెలిసినవాళ్లు కొత్త బటన్ వెతుక్కున్నారు.

"చెయ్యను" అనాల్సిన పనులు

ఇది ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం గట్టిగా చెబుతాను. అప్రెంటిస్‌కి కొన్నిసార్లు తప్పుడు పని కూడా చెబుతారు. అక్కకి ఐదో నెలలో ఒకరోజు "ఐదు జీమెయిల్ అకౌంట్లు తెరిచి ఈ క్లినిక్‌కి ఐదు నక్షత్రాల రివ్యూలు రాయి" అన్నారు. చెప్పినవాళ్లకి అది పెద్ద విషయంలా అనిపించలేదు, అందరూ చేసేదేగా అన్నట్టు చెప్పారు. అక్క ఆ రాత్రి నాకు ఫోన్ చేసింది. కాదంటే పంపించేస్తారేమో అని భయం. చేస్తే, ఆ రివ్యూ చూసి ఎవరో పెద్దావిడ ఆ క్లినిక్‌కి వెళ్తుందేమో అని అంతకన్నా ఎక్కువ భయం. మర్నాడు వెళ్లి, "నిజంగా వచ్చిన పేషెంట్లకి రివ్యూ లింకు ఎస్సెమ్మెస్ పంపుదాం, నేను మెసేజ్ రాస్తాను" అంది. ఒప్పుకున్నారు. రివ్యూలు నెమ్మదిగా వచ్చాయి, అన్నీ ఐదు నక్షత్రాలు కావు. కొన్నాళ్లు ఆఫీసులో తనతో ముభావంగా ఉన్నారు కూడా. కానీ పంపించలేదు.

ఈ విషయంలో మన వైపు చట్టాలు ఉన్నాయి, అవి తెలిసుంటే ధైర్యంగా మాట్లాడొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు వచ్చాయి. 2023 నవంబర్‌లో డార్క్ ప్యాటర్న్స్ మీద వచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాల మాయలు పేర్కొన్నారు. స్టాక్ బోలెడు ఉన్నా "ఇంక రెండే మిగిలాయి" అని తొందరపెట్టడం అందులో ఒకటి. ఇన్‌ఫ్లుయెన్సర్లు డబ్బు తీసుకుని చెబితే అది ప్రకటన అని తెలియజేయాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే చెప్పింది. వ్యక్తిగత డేటా మీద 2023లో చట్టం వచ్చింది. కాబట్టి ఎక్కడో కొన్న ఫోన్ నంబర్ల జాబితాకి మెసేజ్‌లు కొట్టమంటే "ఈ నంబర్లు ఎక్కడివి, వాళ్లు సరే అన్నారా?" అని అడగడం మన హక్కు. "సార్, ఇది క్లయింట్‌కే ఇబ్బంది అవుతుంది" అని మొదలుపెడితే ఎక్కువమంది వింటారని అక్క సలహా.

9000 రూపాయల ప్రశ్న

ఇక నా కోపం. అక్కకి వచ్చింది నెలకి 9000. హాస్టల్‌కి 6500. మెట్రో, బస్సు, ఫోన్ రీచార్జ్ పోను మిగిలింది చూస్తే, పెద్దమ్మ ప్రతి నెలా 3000 పంపేది. అంటే ఆ ఏడాది శిక్షణకి అసలు స్కాలర్‌షిప్ ఇచ్చింది పెద్దమ్మ కుట్టు మిషన్. హైదరాబాద్‌లో సొంతిల్లు ఉన్న పిల్లలకి అదే 9000 పాకెట్ మనీ. ఒకే ఆఫీసు, ఒకే పని, ఒకే అంకె. కానీ ఒకరు దాచుకుంటారు, ఒకరు అప్పు పడతారు. అక్కతో చేరిన నలుగురితో పాటు ఎంపికైన ఐదో అమ్మాయి అసలు చేరనే లేదట. వాళ్లింట్లో హాస్టల్ లెక్క కుదరలేదు.

"నేర్చుకునేటప్పుడు డబ్బు చూడకూడదు" అని పెద్దవాళ్లు అంటారు. డబ్బు చూడకుండా నేర్చుకోగలిగేది ఎవరు? చూడాల్సిన అవసరం లేనివాళ్లే. హైదరాబాద్‌కీ కందుకూరుకీ ఒకే కనీస స్టైపెండ్ ఉండటం నాకు సమంజసంగా అనిపించదు. ఊరి ఖర్చుని బట్టి స్టైపెండ్ ఉండాలి. లేకపోతే కనీసం హాస్టల్ అయినా కల్పించాలి. అప్పటిదాకా ఇంకో దారి ఉంది. ఈ పనికి ల్యాప్‌టాప్, నెట్ ఉంటే చాలు. విజయవాడ, గుంటూరు, వరంగల్, తిరుపతిలో కూడా సంస్థలు, ఆసుపత్రులు, బట్టల షాపులు, కాలేజీలు యాడ్స్ ఇస్తున్నాయి. ఇంటి నుంచి వెళ్లి రాగలిగే చోట అప్రెంటిస్‌షిప్ ఉందేమో ముందు పోర్టల్‌లో వెతకండి. పేరున్న ఏజెన్సీ కాకపోయినా పర్వాలేదు, లెక్క చూపించే సీనియర్ ఒక్కరుంటే చాలు.

తమ్ముడికి నేను చెప్పింది

"చేరు" అనలేదు, "వద్దు" అనలేదు. ఐదు ప్రశ్నలు పంపించాను. ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేస్తారా? స్టైపెండ్ ఎంత, ఏ తేదీన బ్యాంకులో పడుతుంది? నాకు నేర్పే మనిషి ఎవరు, ఆయన రోజూ ఆఫీసులో ఉంటారా? ఏడాదిలో ఎప్పటి నుంచి యాడ్ అకౌంట్ చూడనిస్తారు? మధ్యలో మానేయాల్సి వస్తే షరతులేంటి? ఇవి అడిగి, జవాబులు రాసుకుని, ఆ కాగితం బాబాయికి చూపించమన్నాను. వాడు రెండు చోట్ల అడిగాడు. మొదటి చోట మూడో ప్రశ్నకే "నువ్వు ఇంటర్వ్యూకి వచ్చావా, ఇంటర్వ్యూ చేయడానికి వచ్చావా" అన్నారట. రెండోచోట, గుంటూరులో, ఐదింటికీ జవాబిచ్చారు. బాబాయి ఆ కాగితం రెండుసార్లు చదివి, "డిగ్రీ దూరవిద్యలో కడతావా మరి?" అని అడిగారు. నాకు కూడా అదే సబబు అనిపించింది. పని నేర్చుకోవడానికి డిగ్రీ అక్కర్లేకపోవచ్చు. కానీ డిగ్రీ అడిగే ఉద్యోగాలు ఇంకా చాలా ఉన్నాయి, పద్దెనిమిదేళ్లకే ఆ తలుపు మూసేసుకోవడం ఎందుకు? వాడు కడతానన్నాడు. వచ్చే నెల చేరుతున్నాడు.

మనకేంటి అంటారా? మనం సైట్లు కడతాం, యాప్‌లు కడతాం. మన ప్రాజెక్టు డెమో రోజు తర్వాత దాన్ని ఎవరైనా తెరిచారా అని ఎప్పుడైనా చూశామా? ఆ చూడటమే వాళ్ల పని. వాళ్లని "రీల్స్ బ్యాచ్" అనడం మానేసి, మన సైట్‌కి ఒక అప్రెంటిస్‌తో నెల రోజులు కూర్చోబెడితే ఇద్దరం నేర్చుకుంటాం.

చివరగా మన క్లబ్‌కి ఒక ప్రతిపాదన. వచ్చే నెల మీటింగుకి ప్రతి ఒక్కరూ మీ ఫోన్‌లో కనిపించిన తెలుగు యాడ్‌లలో బాగా లేనివి రెండు స్క్రీన్‌షాట్ తీసుకురండి. అందరం కలిసి వాటిని మన మాటల్లో తిరిగి రాద్దాం, హెడ్‌లైన్ 30 అక్షరాలు దాటకుండా. అక్కని వీడియో కాల్‌లో పిలుస్తాను. మనం రాసినవాటిలో ఏది నడుస్తుందో, ఏది డబ్బు దండగో తనే చెబుతుంది.